పీకాల్సిన పన్ను, వదిలేయాల్సిన పన్ను

ఒకప్పుడు పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లడమంటే పన్ను పీకించుకోవడమే. ఇప్పుడు జిల్లా కేంద్రాల్లోనూ, కాస్త పెద్ద మండల కేంద్రాల్లోనూ డెంటల్ క్లినిక్‌ల బోర్డులు వరసగా కనిపిస్తున్నాయి. జ్ఞానదంతాల సర్జరీ, ఇంప్లాంట్లు, బోన్ గ్రాఫ్ట్, సైనస్ లిఫ్ట్, చిగుళ్ల ఫ్లాప్ సర్జరీ అంటూ వాటి మీద పెద్ద జాబితా. ఆ జాబితాలో బూటకం అనదగ్గది ఏదీ లేదు. ఒక్కోదాని వెనకా దశాబ్దాల పరిశోధన ఉంది. పేచీ అంతా ఎవరికి, ఎప్పుడు అన్న దగ్గరే. ఒకరికి తప్పనిసరైన ఆపరేషనే పక్కవాడికి దండగ ఖర్చు. కాబట్టి క్లినిక్‌ని అంచనా వేయడానికి కుర్చీ ఖరీదూ మెషిన్ల హంగూ పనికిరావు. కత్తి పట్టే ముందు డాక్టరు ఏం అడిగాడు, ఏం చూశాడు, ఏది వద్దన్నాడు అన్నవి పనికొస్తాయి.

నొప్పి లేకుండా పన్ను తీయడం మనం అనుకున్నంత పాత విద్య కాదు. అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో హొరేస్ వెల్స్ అనే దంతవైద్యుడు 1844 డిసెంబరులో నైట్రస్ ఆక్సైడ్ పీల్చి తన పన్నే తీయించుకున్నాడు. 1846 అక్టోబరు 16న బోస్టన్‌లో ఈథర్ మత్తును పదిమంది ముందూ చూపించిన విలియం మోర్టన్ కూడా పళ్ల డాక్టరే. ఆ వెనక క్లోరోఫాం వచ్చింది. దాని మత్తులో పళ్లు తీయించుకుంటూ ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లున్నారు. క్లోరోఫాం మరణాల్లో ముందు ఆగేది గుండా, ఊపిరా అని తేల్చడానికి నిజాం సొమ్ముతో 1888లో ఒకటి, 1889లో మరొకటి కమిషన్లు పనిచేసింది మన హైదరాబాద్‌లోనే. వాటిని నడిపించిన సర్జన్ ఎడ్వర్డ్ లారీ ముందు ఆగేది ఊపిరేనని, గుండెకు నేరుగా ప్రమాదం లేదని గట్టిగా వాదించాడు. ఆ వాదన నిలవలేదు. పైపై క్లోరోఫాం మత్తులో ఉన్నప్పుడు అడ్రినలిన్ తోడైతే గుండె లయ తప్పుతుందని 1911లో గుడ్‌మన్ లెవీ చూపించాడు. ఇవాళ అదే అడ్రినలిన్‌ని పంటి సూదిలో కావాలని కలుపుతున్నారు. తోడున్న మందు మారింది, అంతే. 1943లో స్వీడన్‌లో నిల్స్ లోఫ్‌గ్రెన్ తయారుచేసిన లిగ్నోకైన్ నేటికీ మన క్లినిక్‌లలో ప్రధానమైన మత్తు సూది. రెండు శాతం లిగ్నోకైన్‌లో 80,000 పాళ్లకు ఒక పాలు అడ్రినలిన్ ఉంటుంది. అది రక్తనాళాల్ని ముడుస్తుంది కనక మందు వేసిన చోటే నిలుస్తుంది, రక్తమూ తక్కువ పోతుంది.

పై దవడ ఎముక బోలుగా ఉంటుంది. పన్ను పక్కన చిగురులో సూది వేస్తే చాలు, మందు ఎముకలోంచి ఇంకి వేరు కొసకు చేరుతుంది. కింది దవడ వెనక భాగం గట్టిది, అక్కడ మందు ఇంకదు. నరం ఎముకలోకి దూరకముందే దాన్ని పట్టుకోవాలి. డాక్టరు బొటనవేలు నోట్లో పెట్టి దవడ ఎముక ముందంచున ఉండే గుంటను తడిమి చూస్తాడు. రెండోవైపు చిన్న దవడపళ్ల మీదుగా సిరంజి ఆనించి, సూది ఎముకకు తగిలేదాకా పోనిస్తాడు. పిస్టన్‌ని ఒకసారి వెనక్కి లాగి రక్తం రావడం లేదని చూసుకుని, అప్పుడు మెల్లగా మందు వదులుతాడు. అటువైపు కింది పెదవి సగం మొద్దుబారితే గురి తగిలినట్టు. ఈ పద్ధతికి 1880లలో బాట వేసిన అమెరికన్ సర్జన్ విలియం హాల్‌స్టెడ్ అప్పట్లో వాడింది కొకైన్. తన మీద తానే ప్రయోగాలు చేసుకుని ఆయన దానికి బానిసయ్యాడు. ఇంత చేసినా చీము పట్టినచోట సూది సరిగా పనిచేయదు. అక్కడి కండ ఆమ్లగుణానికి తిరిగి, మందును నరంలోకి చొరనివ్వదు. "ఇంకా తెలుస్తోంది డాక్టరు గారూ" అని రోగి అంటే నమ్మాలి. భయం వల్ల అలా అనిపిస్తుందని కొట్టిపారేసి పని కానిచ్చేసే డాక్టర్లూ లేకపోలేదు.

పన్ను తీయడంలో లాగడం ఆఖరి పని. వేరుకీ గూటి ఎముకకీ మధ్య పట్టు పొర ఒకటి ఉంటుంది. దాని మందం మిల్లీమీటరులో అయిదోవంతు మాత్రమే. ఎలివేటర్ అనే పనిముట్టు మొనను ఆ సందులో ఆనించి కొద్దికొద్దిగా తిప్పుతూ ముందు ఆ పొరను తెంపాలి. తర్వాత ఫోర్సెప్స్‌తో పట్టుకుని, గట్టి నేలలో దిగేసిన గుంజను ఊపినట్టు, బుగ్గవైపుకీ నాలుకవైపుకీ ఊపుతూ గూడు విప్పారేలా చేయాలి. అప్పుడు పన్ను దానంతటదే పైకి వస్తుంది. రోగికి నొప్పి తెలియదు గానీ ఒత్తిడి బాగా తెలుస్తుంది. దవడ ఎముకలోంచి చెవికి చేరే టకటక చప్పుడు హడలగొడుతుంది. ఆ చప్పుడు వస్తుందని ముందే చెబితే సగం భయం పోతుంది, దానికి ఖర్చేమీ లేదు.

రూట్ కెనాల్ అయ్యి పెళుసెక్కిన పన్ను, వేళ్లు వంకరపోయిన పన్ను మధ్యలో విరగడం మామూలే. దాన్ని డాక్టరు చేతగానితనంగా లెక్కగట్టక్కర్లేదు. అలాంటప్పుడు చిగురు కాస్త తెరిచి, చుట్టూ కొంచెం ఎముక చెక్కి, వేళ్లను విడదీసి ఒక్కోటిగా తీసి, కుట్లు వేస్తారు. బిల్లులో సర్జికల్ ఎక్స్‌ట్రాక్షన్ అని ఉంటే ఇదే. ఎముక మీద బర్ అనే డ్రిల్లు మొన తిరుగుతున్నంతసేపూ సెలైన్ ధార పడుతూనే ఉండాలి. 47 డిగ్రీల వేడి ఒక్క నిమిషం తగిలినా ఎముక దెబ్బతింటుందని 1983లో స్వీడన్ పరిశోధకులు కుందేళ్ల మీద చూపించారు. నోట్లోకి అన్ని నీళ్లు ఎందుకు కొడుతున్నారా అని విసుక్కునేవాళ్లు ఈ సంగతి గుర్తు పెట్టుకోవచ్చు.

పై దవడపళ్లతో ఇంకో చిక్కుంది. వాటి వేళ్ల కొసలకు ఆనుకునే పై దవడ ఎముకలోని సైనస్ అనే గాలిగది ఉంటుంది. పన్ను తీసేటప్పుడు మధ్యనున్న పలచటి ఎముక ఊడివస్తే నోటికీ ముక్కుకీ దారి పడుతుంది. మంచినీళ్లు తాగితే ముక్కులోంచి కారుతున్నాయని రోగి కంగారుగా తిరిగి వచ్చేది అప్పుడే. చిన్న రంధ్రమైతే గడ్డకట్టిన రక్తంతో అదే మూసుకుంటుంది. కొన్నాళ్లు ముక్కు చీదకూడదు, తుమ్ము వస్తే నోరు తెరిచే తుమ్మాలి. పెద్దదైతే బుగ్గలోపలి కండను జరిపి కుట్టాలి. ఈ అసలైన చిక్కు గురించి మనవాళ్లెవరూ భయపడరు. పై పన్ను తీయిస్తే చూపు పోతుందని మాత్రం ఊరూరా భయపడతారు. పంటికి వెళ్లే నరం వేరు, చూపు నరం వేరు. కాకపోతే పై కోరపన్ను వేరు దగ్గర చీము పడితే కంటి కింద వాచి రెప్ప మూసుకుపోతుంది. ఆ నమ్మకం అక్కడే పుట్టి ఉండొచ్చు. ఆ లెక్కన కంటికి ముప్పు చీము పట్టిన పన్నును ఉంచుకోవడం వల్లే.

పన్ను తీశాక గూట్లో గడ్డకట్టిన రక్తమే పుండుకు కట్టు. గాజుగుడ్డను అరగంట నుంచి ముప్పావుగంట గట్టిగా కొరికి పట్టుకోమనేది అది నిలవడానికే. అయిదు నిమిషాలకోసారి తీసి అద్దంలో చూసుకుంటే, ఊరికే ఉమ్ముతూ ఉంటే, స్ట్రాతో కొబ్బరినీళ్లు పీలిస్తే, సిగరెట్ ముట్టిస్తే ఆ గడ్డ కదిలిపోతుంది. మొదటిరోజు అసలు పుక్కిలించకూడదు, మర్నాటి నుంచి గోరువెచ్చటి ఉప్పునీళ్లు. తిండికి పెరుగన్నం, చల్లారిన జావ. ఆవకాయ కొన్నాళ్లు ఆగగలదు. గడ్డ ఊడిపోయి ఎముక బయటపడితే రెండో రోజుకో నాలుగో రోజుకో చెవిదాకా లాగే నొప్పి మొదలవుతుంది, నోరు వాసన వేస్తుంది. దాన్ని డ్రై సాకెట్ అంటారు. మామూలు పళ్లకు నూటికి ఒకటి నుంచి అయిదు, కింది జ్ఞానదంతాలకు ముప్పై దాకా రావచ్చని అధ్యయనాల లెక్క. ఇది ఇన్ఫెక్షన్ కాదు కాబట్టి యాంటీబయాటిక్ మింగితే తగ్గదు. గూడు కడిగి, లవంగనూనెలో ఉండే యూజినాల్ కలిపిన మందు పెడితే కొద్ది గంటల్లో ప్రాణం కుదుటపడుతుంది.

ఇక జ్ఞానదంతాలు. దంతవైద్య ప్రపంచం రెండుగా చీలింది వీటి దగ్గరే. ఇవి 17 నుంచి 25 ఏళ్ల మధ్య, చోటు చాలని దవడలో అడ్డంగానో ఒరిగో వస్తాయి. కొన్ని అసలు బయటికే రావు. అమెరికాలో పిల్లలు కాలేజీలో చేరే వయసుకి నాలుగూ ఒకేసారి తీయించడం చాలా ఇళ్లలో ఆనవాయితీ, అక్కడి తెలుగు కుటుంబాలకు ఇది తెలిసిన సంగతే. బ్రిటన్ దీనికి అడ్డం తిరిగింది. జబ్బు లేని జ్ఞానదంతాన్ని ముందుజాగ్రత్త పేరుతో తీయొద్దని 2000 సంవత్సరంలో అక్కడి చికిత్సలకు మార్గదర్శకాలిచ్చే నైస్ సంస్థ తేల్చి చెప్పింది. పంటి మీది చిగురు ఒక్కసారి మామూలుగా వాచినంత మాత్రాన తీయక్కర్లేదు, మళ్లీ వాస్తేనో, మొదటిసారే తీవ్రంగా ఉంటేనో తీయమంది. ఆ తర్వాత జరిగింది ఆసక్తికరం. ఇంగ్లండులో ఆపరేషన్లు కొన్నాళ్లు తగ్గి, మళ్లీ పెరిగాయి. ఈసారి వచ్చిన రోగుల సగటు వయసు ఎక్కువ. చాలామందిలో ఒరిగిన జ్ఞానదంతం ఆనుకున్న పక్కపన్ను పుచ్చిపోయి ఉంది. అంటే కొందరి విషయంలో ఆపరేషన్ తప్పలేదు, వాయిదా పడింది. ఆ ఆలస్యానికి మంచి పన్ను ఒకటి బలైంది. నొప్పీ జబ్బూ లేని జ్ఞానదంతాన్ని తీయాలనడానికి గానీ ఉంచాలనడానికి గానీ తగినంత సాక్ష్యం లేదని, వైద్య పరిశోధనలను కూర్చి తూచే కోక్రేన్ సంస్థ సమీక్ష తేల్చింది.

ఇంత తేలని విషయంలో నిలబడే దారి ఒకటే కనిపిస్తోంది. పూర్తిగా ఎముకలో మునిగి, ఎవరి జోలికీ పోకుండా ఉన్నదాన్ని వదిలేసి, అప్పుడప్పుడు ఎక్స్‌రే తీసి చూడాలి. సగం బయటికొచ్చి పక్కపంటి మీదికి ఒరిగినదాన్ని, బ్రష్షు అందనిదాన్ని, ముప్పై దాటకముందే తీయించుకోవడం మేలు. ఇరవైల్లో ఎముకకు సాగుడు ఉంటుంది, పుండు త్వరగా మానుతుంది. నలభై దాటాక రెండూ తగ్గుతాయి. "తీయకపోతే ముందు పళ్లు వంకరపోతాయి" అని చెప్పి తీసేవాళ్లున్నారు. ఆ మాటకు ఆధారం లేదు. వయసు పెరిగేకొద్దీ కింది ముందు పళ్లు కాస్త ఇరుకవడం, జ్ఞానదంతాలు అసలు లేనివాళ్లలోనూ జరుగుతుంది.

కింది జ్ఞానదంతం వేళ్ల పక్కనుంచే పెదవికీ గడ్డానికీ స్పర్శనిచ్చే నరం పోతుంది. లోపలివైపు నాలుక నరం ఉంటుంది. ముందు ఓపీజీ అనే పెద్ద ఎక్స్‌రే తీస్తారు. అందులో వేరు నరం కాలువను దాటేచోట నల్లబడినా, కాలువ తెల్లగీత తెగినా ఆగి, దవడను మూడు కొలతల్లో చూపే సీబీసీటీ స్కాన్ చూసుకోవాలి. నరం నలిగితే పెదవో నాలుకో కొన్ని వారాలు, నెలలు మొద్దుగా ఉండొచ్చు. శాశ్వతంగా ఉండిపోవడం నూటికి ఒకటి కన్నా తక్కువ. ఆ ఒక్కరు గాయకుడో, సన్నాయి వాయించేవాడో అయితే ఆ శాతం లెక్క ఓదార్చదు. అందుకే వేళ్లు నరాన్ని పెనవేసుకున్నప్పుడు తల భాగం మాత్రం కోసి తీసి, వేళ్లను అలాగే ఎముకలో వదిలేసే పద్ధతి ఒకటి ఉంది. కరొనెక్టమీ అంటారు. ముక్క లోపల వదిలేశాడని తర్వాత ఎక్స్‌రే చూసిన ఇంకో డాక్టరు నిందించే అవకాశం ఉంది కాబట్టి రోగికి ముందే చెప్పి కాగితం మీద రాసి ఇవ్వాలి. ఆపరేషన్ అయ్యాక వాపు రెండు మూడు రోజుల దాకా పెరిగి, ఆపైన తగ్గుతుంది. రెండోరోజు మొహం చూసుకుని ఏదో తేడా చేసిందని డాక్టరుకు ఫోన్ చేసేవాళ్లే ఎక్కువ. నొప్పికి ఐబుప్రొఫెన్, పారాసెటమాల్ రెండూ కలిపి వేసుకుంటే విడివిడిగా కన్నా బాగా పనిచేస్తాయని జ్ఞానదంతాల రోగుల మీదే రుజువైంది. కడుపు పుండు గానీ కిడ్నీ జబ్బు గానీ ఉన్నవాళ్లు మాత్రం ఐబుప్రొఫెన్ జోలికి పోకూడదు.

బోర్డుల మీద కనిపించకపోయినా ప్రాణాలు నిలిపేది చీము తీయడం. పిప్పి పన్ను సలిపినప్పుడు మందుల షాపులో అడిగి నాలుగు యాంటీబయాటిక్ బిళ్లలు మింగడం మన దగ్గర సర్వసాధారణం. సలుపు తగ్గుతుంది, కారణం అలాగే ఉంటుంది. చీముకు దారి ఇవ్వాలి, దానికి మూలమైన పన్నుకు రూట్ కెనాల్ చేయాలి లేదా తీసేయాలి. ఈ రెండూ చేయకుండా మందులతో సరిపెడితే కొన్నాళ్లకు వాపు తిరిగి వస్తుంది. బుగ్గ మీద వేడి కాపడం పెట్టడం ఇంకో అలవాటు. అలా చేస్తే చీము చర్మంవైపు తిరిగి, బయటికి పగిలి, మచ్చ మిగలొచ్చు. కింది చివరి దవడపళ్ల చీము గడ్డం కిందికి, మెడలోకి దిగితే పరిస్థితి మారిపోతుంది. 1836లో జర్మన్ వైద్యుడు విల్‌హెల్మ్ ఫ్రెడరిక్ ఫాన్ లుడ్విగ్ వర్ణించిన ఈ జబ్బును ఆయన పేరుతోనే లుడ్విగ్స్ ఆంజైనా అంటారు. గడ్డం కింద రెండువైపులా చెక్కలా గట్టిపడుతుంది, నాలుక పైకి లేస్తుంది, ఊపిరి దారి మూసుకుపోతుంది. జ్వరంతో పాటు నోరు తెరుచుకోకపోయినా, ఉమ్మి మింగలేక చొంగ కారుతున్నా, మాట ముద్దగా వస్తున్నా క్లినిక్‌లో అపాయింట్‌మెంట్ కోసం చూడకూడదు. ఆ రాత్రే పెద్దాసుపత్రికి వెళ్లాలి. షుగరు అదుపులో లేనివాళ్లలో ఇది గంటల్లో ముదురుతుంది.

షుగరు మాట వచ్చింది కాబట్టి సూది వేయకముందు అడగాల్సిన ప్రశ్నల గురించి. క్లినిక్ నాణ్యత బయటపడేది ఇక్కడే అని నా నమ్మకం. గుండెకు స్టెంట్ వేయించుకున్నవాళ్లు పన్ను కోసం, రక్తం గడ్డకట్టకుండా వాడే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ మాత్రల్ని సొంతంగా వారం ముందే మానేసి వస్తుంటారు. ఒక్కోసారి పళ్ల డాక్టరే మానమంటాడు. పంటి గూట్లో రక్తాన్ని అదిమి పట్టి, కుట్టు వేసి ఆపవచ్చు. స్టెంట్‌లో గడ్డ కడితే గుండెపోటు. అందుకే మామూలు ఎక్స్‌ట్రాక్షన్‌కు ఆ మందులు ఆపక్కర్లేదన్నది ఇప్పుడు అంగీకరించిన పద్ధతి. రక్తం పలచబరిచే వార్ఫరిన్ వాడేవాళ్లకు, రక్తం ఎంతసేపటికి గడ్డకడుతుందో చూపే ఐఎన్ఆర్ పరీక్ష చేయించి, అది 3.5 లోపు ఉంటే సాధారణంగా ముందుకు వెళ్తారు. గుండె కవాటం మార్పించుకున్నవాళ్లకు, ఇంతకుముందు గుండె లోపొరకు ఇన్ఫెక్షన్ (ఎండోకార్డైటిస్) వచ్చినవాళ్లకు అరగంట నుంచి గంట ముందు రెండు గ్రాముల అమాక్సిసిలిన్ ఇస్తారు, పడనివాళ్లకు వేరే మందు. ఎముకలు గుల్లబారినందుకు అలెండ్రోనేట్ మాత్రలో, క్యాన్సర్‌లో జోలెడ్రోనిక్ యాసిడ్ ఇంజెక్షన్లో తీసుకుంటున్నవాళ్ల సంగతి మరీ సున్నితం. ఇలాంటివాళ్లలో పన్ను తీసిన గూడు మానక, దవడ ఎముక చచ్చి బయటపడటాన్ని 2003లో అమెరికన్ సర్జన్ రాబర్ట్ మార్క్స్ లోకం దృష్టికి తెచ్చాడు. మెడకూ దవడకూ రేడియేషన్ పొందినవాళ్లకూ ఇలాంటి ముప్పే ఉంది. అందుకే చెడ్డ పళ్లను రేడియేషన్ మొదలుకాకముందే తీసేస్తారు. మన ఇళ్లలో పెద్దవాళ్లు "బీపీ బిళ్ల ఒకటి, ఇంకేదో తెల్ల బిళ్ల" అని చెబుతారు. ఆ తెల్ల బిళ్ల ఏమిటో తెలుసుకోకుండా ఫోర్సెప్స్ పట్టకూడదు. మందుల చీటీ లేదా ఖాళీ స్ట్రిప్పు తీసుకెళ్తే పని సులువవుతుంది.

మిగిలినవాటిని త్వరగా చూద్దాం. క్లిప్పులు పెట్టేముందు చోటు కోసం నాలుగు చిన్న దవడపళ్లు తీయడం మామూలు పనే, కేసు చూసి చేస్తే తప్పేమీ లేదు. అంగిట్లో ఇరుక్కున్న కోరపన్నును చిగురు తెరిచి, గొలుసు కట్టి కిందికి లాగడం వినడానికి వింతగా ఉన్నా చక్కగా పనిచేస్తుంది. రూట్ కెనాల్ చేసినా వేరు కొసన చీము తగ్గకపోతే చిగురు తెరిచి కొస కత్తిరించి మూసే ఎపికోఎక్టమీ ఉంది. పాతపద్ధతిలో దీని విజయం 59 శాతమైతే, మైక్రోస్కోపు, కొత్త సిమెంట్లతో చేసినప్పుడు 94 శాతమని 2010లో వచ్చిన విశ్లేషణ ఒకటి తేల్చింది. ఒకే పేరున్న ఆపరేషన్‌కు ఇంత తేడా ఉందంటే, ఏ పనిముట్లతో చేస్తారో అడగడం రోగి హక్కు. చిన్న ఊళ్ల క్లినిక్‌లలో ఇలాంటి పనులకు బీడీఎస్ డాక్టరు వేరే చోటినుంచి ఎండీఎస్ సర్జన్‌ని పిలిపించడం వాడుక. అది మంచి పద్ధతే. ఎవరు చేస్తున్నారో, తర్వాత రాత్రిపూట రక్తం కారితే ఎవరికి ఫోన్ చేయాలో మాత్రం ముందే తెలియాలి.

ఎక్కువ డబ్బు చేతులు మారేది, పోయిన పన్ను బదులు దవడ ఎముకలో బిగించే ఇంప్లాంట్ల దగ్గర. 1952లో స్వీడన్‌లో పెర్ ఇంగ్‌వార్ బ్రోనెమార్క్ కుందేలు కాలి ఎముకలో అమర్చిన టైటానియం పరికరాన్ని తిరిగి తీయబోతే రాలేదు, ఎముక దాన్ని పట్టేసుకుంది. 1965లో గోస్టా లార్సన్ అనే రోగి కింది దవడలో మొదటి ఇంప్లాంట్లు అమర్చాడు. 2006లో లార్సన్ చనిపోయేదాకా అవి పనిచేశాయి. పదేళ్ల తర్వాత కూడా నూటికి 95 ప్రాంతంలో ఇంప్లాంట్లు నిలిచి ఉంటున్నాయి. ఇది గట్టి సాక్ష్యమే. ప్రకటనల్లో రాని రెండో సగం ఏమిటంటే, ఇంప్లాంట్ చుట్టూ చిగురు వాచి ఎముక కరిగే పెరిఇంప్లాంటైటిస్ రోగుల్లో దాదాపు అయిదోవంతు మందిలో కనిపిస్తోందని సమీక్షలు చెబుతున్నాయి. పొగతాగేవాళ్లకు, చిగుళ్ల జబ్బుతో పళ్లు పోగొట్టుకున్నవాళ్లకు ముప్పు ఎక్కువ. ఇంప్లాంట్‌కు పుచ్చు రాదు, చిగుళ్ల జబ్బు వస్తుంది. బ్రష్షు పట్టని చేతికి టైటానియం పెట్టినా నిలవదు.

పన్ను తీశాక మొదటి ఏడాదిలో ఆ చోట ఎముక వెడల్పు దాదాపు సగం తగ్గుతుంది. అందులో మూడింట రెండు వంతులు మొదటి మూడు నెలల్లోనే. తీసినరోజే గూట్లో ఎముక పొడి (బోన్ గ్రాఫ్ట్) నింపితే తరుగు తగ్గుతుంది, పూర్తిగా ఆగదు. ఇంప్లాంట్ పెట్టించుకునే ఆలోచనే లేనివాళ్లకు ప్రతి గూట్లోనూ గ్రాఫ్ట్ ఎందుకో నాకు అర్థం కాదు. పై దవడ వెనక ఎముక చాలనప్పుడు సైనస్ పొరను పైకి లేపి, కింద ఎముక పొడి నింపడమే సైనస్ లిఫ్ట్. అనుభవమున్న చేతిలో అది నమ్మదగ్గ ఆపరేషనే. టైటానియాన్ని ఎముక పట్టుకోవడానికి మామూలుగా మూడు నుంచి ఆరు నెలలు కావాలి. అక్కడ ఖర్చు భరించలేక అమెరికా నుంచి మూడు వారాల సెలవులో వచ్చి, హైదరాబాద్‌లోనో విజయవాడలోనో పని ముగించుకుని వెళ్లాలనుకునేవాళ్లకు ఈ లెక్కే కుదరదు. రెండు విడతలుగా వస్తేనో, వెంటనే పళ్లు బిగించడానికి అనువైన కేసు అయితేనో తప్ప తొందరపెట్టకూడదు. ఏ కంపెనీ ఇంప్లాంట్, ఏ సైజు అన్న కార్డు అడిగి తీసుకోవాలి. పదేళ్లకు స్క్రూ వదులైతే ఏ ఊళ్లో డాక్టరుకైనా పనికొచ్చేది అదే.

అన్ని పళ్లూ పోయిన పెద్దవాళ్లకు నోటినిండా ఇంప్లాంట్లే పెట్టాలని లేదు. కింది పళ్ల సెట్టు ఎంత బాగా చేసినా నాలుక కదిలినప్పుడల్లా లేస్తుంది, కరివేపాకు కాడకు కూడా జారుతుంది. కింది దవడ ముందు భాగంలో రెండే రెండు ఇంప్లాంట్లు వేసి, సెట్టును వాటికి గుండీల్లా బిగిస్తే కదలదు. 2002లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో కూడిన నిపుణులు కింది దవడకు మొదట ఇవ్వాల్సిన చికిత్స ఇదేనన్నారు. మన దగ్గర మాత్రం ఒకవైపు అగ్గువ సెట్టు, మరోవైపు లక్షల్లో పూర్తి ఇంప్లాంట్లు. మధ్యనున్న ఈ దారి గురించి చెప్పేవాళ్లు తక్కువ.

చివరిగా, క్లినిక్‌లో జరిగే ఆపరేషన్లలో అతిచిన్నది, అతి తక్కువగా జరిగేది బయాప్సీ. భారతదేశంలో మగవాళ్లకు వచ్చే క్యాన్సర్లలో నోటి క్యాన్సర్‌దే మొదటి స్థానం. గుట్కా, వక్కపొడి నమిలేవాళ్ల బుగ్గలు లోపల తెల్లబడి నారపట్టీల్లా బిగుసుకుంటాయి. మూడు వేళ్లు నిలువుగా పట్టాల్సిన నోట్లో రెండు కూడా పట్టవు, కారం తగిలితే మంట. దాన్ని సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ అంటారు. పట్టీలు కోసి కొత్త పొర వేసే సర్జరీ ఉంది గానీ, వక్క మానకపోతే, నోరు సాగదీసే వ్యాయామం నెలల తరబడి చేయకపోతే మళ్లీ బిగుసుకుంటుంది. శ్రీకాకుళం, విశాఖ తీరగ్రామాల్లో చుట్ట నిప్పుకొన నోట్లో పెట్టుకుని తాగే అడ్డపొగ అలవాటు ఆడవాళ్లలో ఎక్కువ. అక్కడ క్యాన్సర్ అంగిట్లో మొదలవుతుంది. కట్టుడు పళ్లు పెట్టుకున్న ముసలమ్మ నోట్లో సెట్టు తీయించి అంగిలి చూడాలి. చూడకుండా కొత్త సెట్టుకు కొలత తీసుకుంటే జబ్బు దాని కిందే పెరుగుతుంది.

రెండు వారాలు దాటినా మానని పుండు, గీకినా పోని తెల్లమచ్చ, ఎర్రటి మచ్చ, పన్ను తీసి నెల అయినా పూడకుండా కండ పెరుగుతున్న గూడు, ఇవన్నీ బయాప్సీకి కారణాలే. సూది వేసి, పుండు అంచునుంచి గింజంత ముక్క తీసి, ఒకటి రెండు కుట్లు వేస్తారు. పావుగంట పని. ముక్కను ఫార్మలిన్ సీసాలో వేసి ల్యాబ్‌కు పంపాలి. కత్తి పెడితే క్యాన్సర్ ఒళ్లంతా పాకుతుందన్న భయంతో నెలల తరబడి పూతమందులు రాసుకునేవాళ్లకు ఆ నెలలే చేటు చేస్తాయి. బయాప్సీ వల్ల నోటి క్యాన్సర్ పాకుతుందనడానికి ఆధారం లేదు. రిపోర్టు తేడాగా వస్తే హైదరాబాద్ వాళ్లకు రెడ్‌హిల్స్‌లో ప్రభుత్వ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, ఉత్తరాంధ్ర వాళ్లకు విశాఖ అగనంపూడిలో హోమీ భాభా ఆసుపత్రి ఉంది. రిపోర్టు చేతికివ్వడంతో పళ్ల డాక్టరు పని అయిపోదు. రోగి అక్కడికి వెళ్లాడో లేదో వారం తర్వాత ఫోన్ చేసి కనుక్కోవాలి.